కాపీలోని మేష్టారిని లేపిన మధ్యాహ్నం

మా ఇంట్లో ఒక కంప్యూటర్ చచ్చి మళ్లీ బతికింది. బతికించింది నేనే. ఆ విద్య తెలిసినవాళ్లు నిజామాబాద్ జిల్లా మొత్తంలో ముగ్గురో నలుగురో ఉంటారు. వాళ్లలో ఇద్దరికి నేర్పింది కూడా నేనే.

సరే, నేర్పలేదు. ఎవరికి ఏం వచ్చో నాకు తెలియదు కూడా. ఇంత తొందరగా ఒప్పుకోవడానికి కారణం ఉంది. నేను ఇందులో ఏం రాసినా, సాయంత్రానికల్లా ఈ కంప్యూటరే నా భార్యకు చదివి వినిపిస్తుంది. ఆమెకు చూపు లేదు. నీటికాసుల జబ్బు ఆ చూపును దొంగలా కొంచెం కొంచెంగా ఎత్తుకుపోయింది. ముందు పక్కనున్న గోడలు పోయాయి, తర్వాత వీధి, చివరకు నా మొహం. నా మొహం పోయినందుకు పెద్ద నష్టం లేదని ఆమే అంది. ఇప్పుడు ఆమె చెవులతో చదువుతుంది, వేళ్లతో రాస్తుంది. కాబట్టి నా గొప్పలన్నీ ఆమె చెవుల్లో పడి తీరతాయి. "ఏమండీ, ఆ ముగ్గురూ నలుగురూ ఎవరండీ?" అని అడుగుతుంది. పేర్లు చెప్పలేక చస్తాను.

ఆమెది బోధన్ కాలువల కింద ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపు. మాది రెంజల్ వైపు పల్లె. ఆమెను నేను కాలువ ఈది వెళ్లి, వాళ్ల నాన్న చూస్తుండగా తెచ్చుకున్నాను. అంటే వాళ్ల నాన్న చూస్తుండగానే, ఆయన ట్రాక్టర్‌లోనే, మా బాపు పక్కన కూర్చుని ఉండగా. నాకు ఈత రాదు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె గోంగూర అంటుంది, నేను పుంటికూర అంటాను. కూర మాత్రం ఒకే గిన్నెలో తింటాము.

ఆమె తెలుగు టీచరుగా రిటైరయింది. నేను చక్కెర మిల్లులో కంప్యూటర్ రూంలో పనిచేశాను. ఆ రోజుల్లో మా మిల్లులో యూనిక్స్ యంత్రం ఉండేది, దాని గుట్టంతా నా గుప్పిట్లో ఉండేది. నిజం చెప్పాలంటే, ప్రింటర్‌లో కాయితం అయిపోతే పెట్టడం, సాయంత్రం టేపు మీదకు కాపీ తీయడం, ఆ టేపును బీరువాలో పెట్టి తాళం వేయడం నా పని. దసరాకు ఆ టేపులన్నిటికీ వరసగా కుంకుమ బొట్లు పెట్టింది కూడా నేనే. ఆ కొసరు విద్యతోనే రిటైరయ్యాక ఒక పాత కంప్యూటర్ తెచ్చి, ఆ యూనిక్స్‌కు తమ్ముడిలాంటిది, ఊరకే దొరికే లైనక్స్ వేసి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం ఆమె కోసం పెట్టాను.

ఆ ప్రోగ్రాం గొంతు జలుబు చేసిన మగవాడి గొంతు. ఆమె దానికి మేష్టారు అని పేరు పెట్టింది. పేరుకు మేష్టారే కానీ నిజానికి విద్యార్థి. మొదట్లో మేష్టారికి మన ఊళ్ల పేర్లు నోరు తిరిగేవి కావు. రెంజల్‌ను ఏదో మందు పేరులా పలికేవాడు. మోర్తాడ్ వస్తే దగ్గేవాడు, ధర్పల్లిని రెండు ముక్కలు చేసేవాడు. ఆమె ఓపికగా ఒక్కొక్క మాటనూ ఎలా పలకాలో నేర్పింది. ఆ ప్రోగ్రాంలో అందుకు చోటుంది. కొన్నేళ్లపాటు నేర్పింది. మీటల మీద నేను అంటించిన జొన్నగింజలను తడుముకుంటూ, ఏ మీట నొక్కితే వాక్యం, ఏది నొక్కితే పేజీ, గొంతు ఎంత వేగంగా నడవాలి, ఎక్కడ ఆగాలి, అంతా తన వేళ్లకు సరిపోయేలా అమర్చుకుంది.

ఒక రోజు పొద్దున నన్ను పిలిచింది.

"ఏమండీ, మేష్టారు పళ్లు కొరుకుతున్నారండీ."

కంప్యూటర్ డబ్బాకు చెవి ఆనించాను. లోపల హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటోంది. మంచి డిస్కు అలా అనదు. ఆ చప్పుడు మొదలైతే దానికి రోజులు దగ్గర పడ్డట్టే.

బస్టాండ్ వైపు కంప్యూటర్ దుకాణానికి పోయాను. దుకాణదారు నాకు చాలాకాలంగా తెలిసినవాడే.

"కాక, గా డబ్బా ముసల్దైంది. పారేసి నయా సిస్టం తీస్కపో. గీ పరేషాన్ ఎందుకు నీకు?" అన్నాడు.

"ముసల్ది ముసల్ది అనకు బిడ్డ. నన్ను గూడ పారెయ్యమంటవా?"

"నిన్ను పారేస్తే అమ్మ కొత్తది తెచ్చుకుంటదా ఏంది, ఉండనియ్యి" అని నవ్వి, కొత్తరకం డిస్కు ఒకటి చేతిలో పెట్టాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. లోపల తిరిగేదేమీ ఉండదు, చప్పుడు చేయదు.

ఇంటికొచ్చి ఆమెకు చెప్పాను, దుకాణంలో కొత్త కంప్యూటరే కొనమన్నారని. ఆమె కూర్చున్న చోటే చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"పుస్తకాలు పోతే పోనీండి, మళ్లీ దొరుకుతాయి. కొత్త మిషను, కొత్త మీటలు, కొత్త గొంతు అంటే మాత్రం నా వల్ల కాదండీ. ఒకసారి చీకట్లో కూర్చుని నేర్చుకున్నాను. రెండోసారి కూర్చోలేను. అదే అయితే ఇంక చదవడం మానేస్తాను. రేడియో వింటూ కూర్చుంటాను."

ఏడుస్తూ అనలేదు. చారులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు భయమేసింది. ఆమె మానేస్తానంటే మానేస్తుంది. కాఫీ అలాగే మానేసింది.

"కొత్తది లేదు ఏం లేదు. గదే మేష్టారును, గట్లనే, ఒక్క గింజ పోకుండ కొత్త డిస్కుల దించుత. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను.

కొత్త డిస్కును డబ్బాలో రెండో తీగకు తగిలించాను. పాతదానిలో ఉన్న ఫైళ్లన్నీ, చిన్నా పెద్దా, దాచినవీ దాచనివీ, కొత్తదానిలోకి కాపీ చేశాను. పాత డిస్కు మధ్యమధ్యలో పళ్లు కొరుకుతూనే పాపం అంతా అప్పగించింది. లెక్క చూస్తే రెండువైపులా ఒక్కటే. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. మేష్టారు లేచాడు, శుభోదయం అన్నాడు. నేను ఆమెతో పాయసం చేయించుకుని తిన్నాను. చాయ్ హోటల్‌లో కూర్చున్నవాళ్లకు కూడా చెప్పాను, పానం పోయే డిస్కు నుంచి పానం తీసి ఇంకోదాంట్లో పోసినానని.

రెండు రోజులు ఆమె హాయిగా పని చేసుకుంది. మూడోనాడు భోజనాలయ్యాక అంది:

"ఏమండీ, పళ్ల చప్పుడు ఇంకా వస్తోందండీ."

"గదేం గాదు. నీ చెవులకు అలవాటైంది. కొత్త డిస్కుల చప్పుడు చేసే సామానే లేదు."

"లేకపోతే ఎందుకు వస్తోందండీ? పాతదే ఇంకా నడుస్తోందేమో."

"యూనిక్స్ నాకు తెల్సా, నీకు తెల్సా?"

"చప్పుడు నాకు తెలుసు" అంది.

ఆమె తప్పని నిరూపించడానికి డబ్బా ఆపి, పాత డిస్కు తీగ పీకేసి, మీట నొక్కాను. తెర నల్లగా అయింది. మూలన ఒక తెల్ల గీత ఆడింది. లేపడానికి డిస్కు ఏదీ దొరకలేదని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. అంతే. మేష్టారు పలకలేదు.

ఆమె చేతులు మీటల మీదే ఉన్నాయి. వింటోంది.

"కరెంటు పోయింది" అన్నాను.

"మరి నెత్తిమీద ఫ్యాను దేంతో తిరుగుతోందండీ, మీ మిల్లు చెరకు పిప్పితోనా?"

మళ్లీ పాత తీగ తగిలించాను, యథాప్రకారం నడిపించి, ఇంకో రోజు తీరిగ్గా చూద్దామని. కానీ పాత డిస్కు ఈసారి పళ్లు కొరికిందే తప్ప లేవలేదు. రెండుసార్లు గట్టిగా కొరికి, తిరగడం ఆపేసింది. డబ్బా మీద ఆమె అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. "పోయారా?" అని అడిగింది. ఈ సారి అబద్ధం ఆడలేదు.

ఇక ఉన్నదంతా ఆ కాపీయే. ఆ కాపీ లేవదు.

నా తప్పు ఎక్కడో అప్పుడు తెలిసింది. నేను కాపీ తీశానే కానీ, దాన్ని దానంతట లేపి చూడలేదు. రెండు డిస్కులూ ఉన్నప్పుడు యంత్రం తనకు అలవాటైన పాతదాని నుంచే లేచింది. ఆ రెండు రోజులూ ఆమె పనిచేసింది చావబోయే దానిమీదే. ఇది మిల్లు అలవాటు. మా రూంలో కాపీ తీయడమే పని. టేపు బీరువాలోకి వెళ్లిందా, తాళం పడిందా, బొట్టు పెట్టామా, అయిపోయింది. ఆ టేపుతో యంత్రం నిజంగా లేస్తుందా అని ఏ సీజన్‌లోనూ ఎవరూ చూసిన పాపాన పోలేదు. కుంకుమ పెట్టిన వస్తువు పనిచేయకుండా ఎక్కడికి పోతుందిలే అని మా ధైర్యం.

"అంతా కాపీ చేశానన్నారు కదండీ, మరి ఎందుకు లేవడంలేదు?" అంది ఆమె.

ఇందాక ఎగతాళిగా పిప్పి మాటెత్తి జవాబు తనే సగం చెప్పేసింది. మిగతా సగం నేను చెప్పాను. బోధన్ వైపు ఎవరికైనా తెలిసిందే ఇది. చెరకు ఆడితే పిప్పి వస్తుంది. ఆ పిప్పి వేస్తే బాయిలర్ మండుతుంది. బాయిలర్ మండితేనే మిల్లు తిరిగి చెరకు ఆడుతుంది. మరి సీజన్ మొదటి రోజున బండ్లనిండా చెరకు వచ్చి నిలబడితే, మొదటి మంట ఎక్కడిది? అందుకే పోయిన సీజన్ పిప్పిని కొంత కుప్పపోసి, వానకు తడవకుండా కప్పి ఉంచుతారు. పూజ చేసి, ముందు ఆ పిప్పి అంటిస్తారు.

"డిస్కుల గూడ గంతే. మొదట్ల ఒక చిన్న జాగ ఉంటది. మీట నొక్కంగనే యంత్రం ముందుగాల గా జాగను సూస్తది. గా జాగల ఉన్న చిన్న ప్రోగ్రాము మిగతాదాన్ని లేపుతది. అది ఫైళ్లల్ల ఉండదు, వేరే ఉంటది. నేను చెరుకంత మోసుకొచ్చిన. పాత పిప్పి మర్సిపోయిన."

"అంటే మేష్టారు అందులోనే ఉన్నారు కానీ లేపేవాళ్లు లేరు."

"గంతే."

"అయితే లేపండి" అంది. అని కుర్చీ నా పక్కకు జరుపుకుంది.

నా దగ్గర ఒక పెన్‌డ్రైవ్ ఉంది. దాన్ని గుచ్చితే యంత్రం దానితో లేస్తుంది. దాని మీద నిలబడి కొత్త డిస్కులోకి తలుపు తెరుచుకుని వెళ్లాను. లేపే ప్రోగ్రాంను డిస్కు మొదట్లో వేయమని ఆజ్ఞ ఇచ్చాను. ఒక్క దెబ్బకు పడింది. కాదు, రెండో దెబ్బకు. మొదటి దెబ్బకు దాన్ని డిస్కులో కాకుండా పెన్‌డ్రైవ్‌లోనే వేశాను. దాంతో ఏమైందంటే, పెన్‌డ్రైవ్ ఉంటేనే కదిలేది, పీకితే పడుకునేది. చేతికర్ర పట్టుకుని నడిచి, నడుస్తున్నానని సంబరపడ్డట్టు. కొసరు విద్య ఇలాగే ఉంటుంది.

సరిచేసి, పెన్‌డ్రైవ్ పీకి, మీట నొక్కాను. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. ఆమె భుజం నాకు తగులుతోంది, బిగుసుకుని ఉంది. అక్షరాలు ఆగాయి. ఎవరి కోసమో చూస్తున్నానని ఒక వరస వచ్చింది. ఒకటిన్నర నిమిషం చూసింది. చూసి చూసి, ఇక రాడని తేల్చుకుని, నల్లతెర మీద నన్నే ఏదో చేయమని కూర్చుంది.

"ఎవరి కోసం చూస్తోందండీ?"

పాత డిస్కు కోసం. మనకు ఆధార్ నంబరు ఉన్నట్టు ప్రతి డిస్కుకూ ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. లేవగానే ఏ నంబరు డిస్కులో ఆమె సామాను ఉందో ఒక చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. నేను ఆ ఫైలును కూడా నమ్మకంగా కాపీ చేశాను కాబట్టి, అందులో ఉన్నది పోయినవాడి నంబరే. అందుకని కొత్తది, తన కడుపులోనే సామానంతా పెట్టుకుని, పోయినవాడి కోసం గుమ్మం వైపు చూస్తోంది.

ఆ పాత నంబరు తీసేసి కొత్తది రాయాలి. కొత్త నంబరు ఒక తెర మీద కనిపిస్తుంది, రాయాల్సిన ఫైలు ఇంకో తెర మీద. ఒకటి తెరిస్తే రెండోది కనిపించదు. ముప్పై చిల్లర అక్షరాలు, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలగాపులగం. నేను ఒకసారి చూసి గుర్తుపెట్టుకుని టకటకా కొట్టేశాను అని రాద్దామనుకున్నాను. రాశాను కూడా. ఆమె విని ఆ వాక్యం కొట్టేయమంది.

జరిగింది ఇది. కాయితం మీద రాసుకుంటే నా చేతిరాతలో నాకే ఆరుకూ సున్నాకూ తేడా తెలియదు. రెండుసార్లు రాసుకుని రెండుసార్లు తప్పు కొట్టాను. మళ్లీ ఒకటిన్నర నిమిషం, మళ్లీ నల్లతెర. మూడోసారి రాసుకోబోయాను. ఆమె చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది.

"కాయితం అవతల పెట్టండి. నాకు చదవండి. నేను పట్టుకుంటాను."

చదివాను.

"అంత పరుగు వద్దు. వెనక బెంచీ పిల్లలకు కూడా వినబడాలి. మళ్లీ."

మళ్లీ చదివాను. ఆమె పెదాలు కదిలాయి. ఎక్కాలు అప్పజెప్పే రాగంలో ముక్కలు ముక్కలుగా కట్టుకుంది. క్లాసులో నలభై మంది ఇంటిపేర్లు హాజరు పుస్తకం చూడకుండా పిలిచిన మనిషి. "ఊఁ, ఇప్పుడు ఫైలు తెరవండి. రాయండి. ఏడు, ఎఫ్."

"కొట్టిన."

"మూడు, సి, సున్నా."

"కొట్టిన. తర్వాతది ఎనిమిదా, బి నా?"

"బి. బచ్చలికూర బి."

"పుంటికూర పి రాదా దీంట్ల?"

"ఈ నంబర్లో ఎఫ్ దాటి ఏదీ లేదు. మీ పుంటికూర ఇక్కడ చెల్లదు. అడ్డగీత. డి."

"కొట్టిన."

"ఏం కొట్టారు?"

"ఇ."

"నేను ఏం చెప్పాను?"

"డి."

"చెరిపెయ్యండి" అంది. బడిలో అనే గొంతుతో అంది. నేను చెరిపాను. చివరి దాకా వచ్చాక నా చేత మొదటి నుంచి చదివించి, తన మనసులో ఉన్నదానితో సరిచూసుకుని, "ఇప్పుడు దిద్దక్కర్లేదు" అంది.

మీట నొక్కాము. నొక్కాను అని రాయను. ఆమె వేలు కూడా నా వేలు మీద ఉంది. అక్షరాలు పరుగెత్తాయి. ఇందాక ఆగిన చోట ఆగలేదు. డబ్బాలో చిన్న చప్పుడు కూడా లేదు. ఆమె తల ఒకవైపు వంచి వింటోంది, లేచిందో పోయిందో తెలియని మొహంతో. అప్పుడు జలుబు గొంతు వచ్చింది.

ఆమె నా వేలు వదిలేసి మీటల మీదకు వెళ్లింది. రెంజల్ అని కొట్టింది. మేష్టారు రెంజల్ అన్నాడు. మోర్తాడ్. దగ్గలేదు. ధర్పల్లి ఒక్క ముక్కగా వచ్చింది. వాక్యం మీట, పేజీ మీట, ఆపే మీట, అన్నీ తడిమింది, తప్పిపోయి దొరికిన పిల్లవాడి ఒళ్లు తడిమినట్టు. చివరకు ఆనిగెపుకాయ అని కొట్టింది. మేము సొరకాయను ఇక్కడ అలా అంటాము. ఆ మాటను పోయిన రెండు రోజుల్లోనే నేర్పిందట, నా మీద ప్రేమతో. మేష్టారు దాన్ని నానా తిప్పలు పెట్టి పలికాడు.

ఆ రెండు రోజుల పనీ పాత డిస్కుతోనే పోయింది, నా గొప్పల మూలంగా. ఆ సంగతి చెప్పాను.

ఆమె నవ్వింది. "పాఠం జరిగిన రోజు మేష్టారు సెలవులో ఉన్నారన్నమాట. మళ్లీ చెబుతానులెండి" అని, అక్కడే కూర్చుని ఆ మాటను మళ్లీ నేర్పింది. నేను మెచ్చుకోలు కోసం నిలబడ్డాను. "కొంచెం పక్కకు జరగండి, ఫ్యాను గాలి రావడంలేదు" అంది.

ఆ తర్వాత ఒక చిక్కు మిగిలింది. పాత డిస్కు మీట నొక్కగానే బరబరా తిరిగేది కాబట్టి యంత్రం లేస్తోందని ఆమెకు తెలిసేది. కొత్తదానికి ఆ చప్పుడు లేదు. మీట నొక్కినప్పటి నుంచి మేష్టారు పలికేదాకా ఆమెకు ఏమీ తెలియదు. అందుకని రోజూ పొద్దున వంటింట్లో ఉన్న నన్ను అడుగుతుంది, "ఏమండీ, లేచిందా?" అని. నేను గుమ్మంలోంచి తెర వైపు చూసి, "లేచింది" అంటాను.

నిజానికి యంత్రం లేవడం మొదలుపెట్టగానే ఒక గంట మోగేలా పెట్టవచ్చు. పెద్ద పనేం కాదు. నాకు మొదటి వారమే తెలుసు. ఆమె నన్ను అడగడం బాగుండి పెట్టలేదు. ఇది కూడా ఇక్కడ రాసేశాను, రాస్తే వింటుందని తెలిసే రాశాను. నిన్న సాయంత్రం మేష్టారు ఈ వాక్యం దాకా చదివి ఆగాడు.

"ఇయ్యాల్నే గంట పెడత" అన్నాను.

"వద్దండీ" అంది. "రోజుకు ఒక్క నిజమన్నా మీ నోట వినాలి కదా."